వ్యోమయాన విద్య – తనకల్లు సీమ యువజనుల కర్తవ్యము

భూమియు విద్యయు – ఏ సంఘమునకైనను నిలుకడగల యాస్తులు ఈ రెండే. మన తనకల్లు సీమలో మొదటి యాస్తి మేఘముల దయకు లోబడినది. అవిభక్త అనంతపురము జిల్లాలో సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు అదనుకు పడునను నమ్మకము లేదు. ఎఱ్ఱనేలలో వేరుసెనగ విత్తి ఆకాశమువంక చూచుట మన పెద్దలకు తరతరముల యభ్యాసము. కదిరి పరిశోధనాస్థానమున రూపొందిన ‘కదిరి–6’ వేరుసెనగ వంగడము మన తాలూకా పేరును దూరప్రాంతములకు మోసికొనిపోయినది. కాని ఆ విత్తనము చల్లిన ప్రతి రైతు అప్పును తీఱినదని చెప్పజాలము.

ఇట్టి సీమలో పుట్టిన బాలబాలికలు నేడు అదే యాకాశమును వేఱొక దృష్టితో చూచుచున్నారు. 2023 ఆగస్టు 23వ తేదీని చంద్రయాన్–3 చంద్రుని దక్షిణ ధ్రువ సమీపమున దిగినది మొదలు, విమానములను, రాకెట్లను, ఉపగ్రహములను నిర్మించు విద్యను అభ్యసింతుమను మాట మన యిండ్లలోను వినవచ్చుచున్నది. ఈ కోరిక మెచ్చదగినదే. అయినను మన కుటుంబములలో ఒక బిడ్డ చదువనగా నేమి? రెండెకరముల యమ్మకము, లేక ఇల్లాలి బంగారము కుదువ, లేక పది సంవత్సరముల వడ్డీ. మనము పాచికను ఒక్కసారియే వేయగలవారము. రెండవ పందెమునకు ధనము లేదు. కావున ఈ విద్య మన దేశమున ఎట్లు పుట్టినదో, ఎట్టివారిచే పెరిగినదో పరిశీలించి, ఆ చరిత్రనుండి మన పిల్లలకు తగిన మార్గమును గ్రహించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పూర్వవృత్తాంతము

విమానవిద్య యనగనే పుష్పకమును స్మరించుట మనకు వాడుక. పురాణములయెడ భక్తి యుండదగినదే గాని, దానిని ఇంజనీరింగుతో కలుపరాదు. ఆనేకల్లు సుబ్బరాయశాస్త్రిగారు ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో చెప్పగా వ్రాయబడిన ‘వైమానిక శాస్త్రము’ను బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ ఆచార్యులు పరీక్షించి, 1974లో తమ నిర్ణయమును ప్రకటించిరి. ఆ గ్రంథము ప్రాచీనము గాదనియు, అందు వర్ణింపబడిన యంత్రములు ఎగురజాలవనియు వారు తేల్చిరి. సత్యమును చెప్పుటకు వెనుదీయని ఆ బుద్ధియే ఈ విద్యకు మొదటి మెట్టు.

రాకెట్టు విషయమున మాత్రము మన పీఠభూమికి గర్వింపదగిన నిజమైన చరిత్ర కలదు. హైదరాలీ, టిప్పు సుల్తానుల కాలమున మైసూరు సైన్యములు ఇనుపగొట్టములలో మందు కూరిన బాణములను ప్రయోగించుచుండెను. వెదురు గొట్టముకంటెను కాగితపు గొట్టముకంటెను ఇనుపగొట్టము అధికమైన యొత్తిడికి ఓర్చును. అందుచేతనే ఆ బాణములు ఇతర దేశముల బాణములకంటె దూరము పోగలిగెను. 1780లో పొల్లిలూరు యుద్ధమున ఇంగ్లీషు కంపెనీ సైన్యము వానిచే మిక్కిలి బాధపడెను. మన పొరుగుననున్న గుఱ్ఱంకొండ కోటయు ఆ దినములలో మైసూరువారి యధీనమున నుండినదే. 1799లో శ్రీరంగపట్టణము పడినపిదప ఆ బాణములు ఇంగ్లండుకు చేరెను. అచ్చట విలియం కాంగ్రీవు వానిని పరిశోధించి తన రాకెట్లను నిర్మించెను. సుమారు పదునాఱు దశాబ్దములు గడచినపిదప, 1963 ప్రాంతమున అమెరికాలోని వాలప్సు ద్వీపమునకు శిక్షణకై వెళ్లిన అబ్దుల్ కలాముగారు, అచ్చటి గోడమీద టిప్పు సైనికులు రాకెట్లు ప్రయోగించు చిత్రమును చూచి ఆశ్చర్యపడితినని తమ స్వీయచరిత్రమున వ్రాసికొనిరి.

ఇందలి నీతి స్పష్టము. మన కమ్మరులకు చేతినేర్పు కలదు. ఆ నేర్పును లెక్కగా, గ్రంథముగా, పాఠముగా మార్చు పాఠశాల లేకపోయెను. అందుచే పని యిచ్చటను, శాస్త్రము పరదేశమునను నిలిచెను.

మన సీమకు విద్య వచ్చిన విధము

1800లో ఈ ప్రాంతము దత్తమండలములలో చేరి కంపెనీ పాలనలోనికి వచ్చెను. 1882లో బళ్లారినుండి విడివడి అనంతపురము జిల్లా యేర్పడెను. తనకల్లు చేరిన కదిరి తాలూకా మాత్రము 1910వఱకు కడప జిల్లాలో నుండి, ఆ యేట అనంతపురమునకు చేర్పబడెను. 2022లో జిల్లాల పునర్విభజన జరుగగా మన మండలము శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. ఏ జిల్లాలో చేరినను మనవాడకు దూరపు అంచుగానే యుంటిమి.

ఉన్నతవిద్య మనకు సమీపించుట 1915లో మదనపల్లెయందు అనీ బిసెంటు పేర దివ్యజ్ఞాన కళాశాలయు, 1916లో అనంతపురమున దత్తమండల కళాశాలయు స్థాపింపబడినప్పటినుండియే. ఇంజనీరింగు విద్య అంతకంటె ముప్పది సంవత్సరములు వెనుక, 1946లో స్థాపింపబడిన అనంతపురము ఇంజనీరింగు కళాశాలతో వచ్చెను. ఆ కళాశాల 1972లో జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అంగమై, 2008లో తానే విశ్వవిద్యాలయ పీఠమయ్యెను. ఈ కళాశాల పేరును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురుగాక. ముందు మఱల ప్రస్తావింపవలసియున్నది.

పడమట బెంగుళూరు, తూర్పున శ్రీహరికోట

దైవికముగ ఈ విద్యకు భారతదేశమున రెండు ప్రధాన పీఠములు మనకు ఇరుప్రక్కలను వెలసినవి.

బెంగుళూరున 1909లో జంషెడ్జీ టాటాగారి సంకల్పబలముచేతను, మైసూరు మహారాజులొసగిన 371 ఎకరముల భూదానముచేతను భారత విజ్ఞాన సంస్థ ఆరంభమయ్యెను. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అను వర్తకశ్రేష్ఠుడు మైసూరు ప్రభుత్వముతో కలసి హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు కంపెనీని స్థాపించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆ కర్మాగారము యుద్ధవిమానములను బాగుచేయు స్థానమయ్యెను. విమానపు కీలును చేతితో తాకి నేర్చిన భారతీయ పనివాండ్రు వేలకొలదిగ అచ్చట తయారైరి. 1942లో విజ్ఞాన సంస్థయందు విమానశాస్త్ర శాఖ తెఱవబడెను. జర్మనీలో గోటింగెను నగరమున ప్రాంటెలు మహాశయునికడ పరిశోధన గావించి వచ్చిన వి. ఎం. ఘాటగేగారు దానికి ఆద్యులు. వారి పర్యవేక్షణమున రూపొందిన హెచ్.టి.–2 అను శిక్షణ విమానము 1951లో ఎగిరెను. 1959లో జాతీయ వైమానిక ప్రయోగశాల స్థాపింపబడి బెంగుళూరున స్థిరపడెను. 1961లో మారుత్, 2001 జనవరి 4వ తేదీని తేజస్ విమానము తొలిసారి గాలిలోనికి లేచినవి. ఒక శిక్షణ విమానమునుండి తేజస్ వఱకు ఏబది సంవత్సరములు పట్టినవని గమనింపవలయును. ఈ వృత్తి తొందరపడువారిది గాదు.

తూర్పున మన ఆంధ్రదేశమందే, పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట దీవిలో 1971 అక్టోబరు 9వ తేదీని తొలి రాకెట్టు ప్రయోగింపబడెను. 1979 ఆగస్టు 10వ తేదీని ఎస్.ఎల్.వి.–3 రాకెట్టు రెండవ దశ నియంత్రణ లోపముచే కొలది నిమిషములలో బంగాళాఖాతమున పడెను. ఆ నాడు ఇస్రో అధ్యక్షులైన సతీష్ ధవన్‌గారు పత్రికలవారియెదుట అపజయభారమును తమపై వేసికొనిరనియు, 1980 జులై 18వ తేదీని ప్రయోగము సఫలము కాగా పత్రికలవారితో మాటలాడుటకు కలాముగారినే పంపిరనియు కలాముగారే పలుమార్లు చెప్పియున్నారు. ఆ కేంద్రము 2002 నుండి ధవన్‌గారి పేరనే వెలయుచున్నది.

ప్రముఖులు ఏ ద్వారమున ప్రవేశించిరి?

ఇప్పుడు మన ప్రధాన ప్రశ్నకు వత్తము. వ్యోమయాన రంగమున పేరుగాంచినవారందఱు ‘ఏరోస్పేసు’ అను పేరుగల శాఖలోనే మొదట చదివిరా? చరిత్ర లేదనుచున్నది.

సతీష్ ధవన్‌గారు లాహోరున గణిత భౌతికశాస్త్రములలో పట్టము, ఆంగ్ల సాహిత్యమున ఎం.ఏ., పిదప మెకానికల్ ఇంజనీరింగు పట్టము పొందిరి. విమానశాస్త్రమును అటుపిమ్మట అమెరికాలో అభ్యసించిరి. కలాముగారు తిరుచిరాపల్లిలో భౌతికశాస్త్రము చదివిన తరువాతనే మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విమాన ఇంజనీరింగునకు చేరిరి. 1982లో వారు హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలకు అధిపతులై వచ్చి, తెలుగునేలను ఆ విద్యకు పెద్ద పట్టుకొమ్మగా జేసిరి. తేజస్ నిర్మాణమునకు సారథ్యము వహించిన కోట హరినారాయణగారు బరంపురమున జన్మించి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మెకానికల్ ఇంజనీరింగు చదివి, బెంగుళూరు విజ్ఞాన సంస్థలో పైచదువుగా విమానశాస్త్రమును గ్రహించిరి; తరువాత హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

నెల్లూరు జిల్లా మహిమలూరున జన్మించిన జి. సతీష్ రెడ్డిగారు చదివినది మఱెచ్చటనో కాదు – పైన జ్ఞప్తియందుంచుకొనుడని ప్రార్థించిన మన అనంతపురము కళాశాలయందే. వారి శాఖ ఎలక్ట్రానిక్సు. క్షిపణులకు దారిచూపు నావిగేషన్ విద్యలో ప్రవీణులై, 2018 మొదలు 2022 వఱకు రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థకు అధ్యక్షపదవి నిర్వహించిరి. కదిరి తాలూకా బీదవాని బిడ్డకు బస్సు చేరదగిన దూరముననున్న కళాశాల ఒక దేశీయ సంస్థాధ్యక్షుని ఇచ్చినదన్న సంగతి మన మెన్నడు మఱువరాదు.

2018లో హైదరాబాదున స్కైరూట్ అను సంస్థను నెలకొల్పిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాక యను యువకులిద్దఱును ఇస్రోలో పనిచేసినవారే. ఒకరు ఖరగపూరున మెకానికల్ శాఖను, ఒకరు మద్రాసు ఐ.ఐ.టి.లో ఎలక్ట్రికల్ శాఖను చదివిరి. వారి విక్రమ్–ఎస్ 2022 నవంబరు 18వ తేదీని శ్రీహరికోటనుండి లేచి, ప్రైవేటు సంస్థ నిర్మించిన తొలి భారతీయ రాకెట్టుగా ఖ్యాతి గాంచెను.

ఈ వృత్తాంతములన్నిటిని కలిపిచూచిన ఒక్క సత్యము తేలుచున్నది. విమానమనునది ఒక్క శాస్త్రముచే ఎగురునది గాదు. రెక్కపై గాలి ప్రవాహము ఒక శాస్త్రము; రెక్క విఱుగకుండుట మఱొకటి; యంత్రమున మంట నిలుచుట వేఱొకటి; దారితెలియుట, ఆజ్ఞ వినుట ఎలక్ట్రానిక్సు; లోహము తేలికగను గట్టిగను ఉండుట లోహశాస్త్రము. వీనికన్నిటికిని గణితమును భౌతికశాస్త్రమును వేళ్లు. వేరు బలముగానున్నవాడు ఏ కొమ్మనైనను ఎక్కగలడు. కొమ్మపేరు మాత్రమే పలికినవాడు నేల రాలును.

విదేశవిద్యను గూర్చి

పరదేశములలో మనవారు గాంచిన కీర్తియు స్మరణీయమే. మహబూబ్‌నగరమునుండి అమెరికాకు పోయిన తండ్రికి జన్మించిన రాజాచారిగారు ఆ దేశపు వాయుసైన్య విద్యాలయమున వ్యోమయాన ఇంజనీరింగు చదివి, 2021 నవంబరులో అంతరిక్ష కేంద్రమునకు పోయిన నౌకకు నాయకుడయ్యెను. ఆంధ్రదేశమున పుట్టి టెక్సాసున పెరిగిన బండ్ల శిరీషగారు కంటిచూపు తగినంత లేనందున పైలటు కాజాలక, పర్డ్యూ విశ్వవిద్యాలయమున ఏరోస్పేసు ఇంజనీరింగును ఎంచుకొని, ఆ ద్వారముననే 2021 జులై 11వ తేదీని అంతరిక్షపుటంచునకు చేరెను. ఆడపిల్లకు ఈ చదువేలయని సందేహించు తలిదండ్రులకు ఇంతకంటె ఉత్తరము వలదు.

కాని ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక కలదు. రాకెట్లు, యుద్ధవిమానములు అను వస్తువులు ఆయుధసంబంధములు గనుక, వాని సాంకేతిక జ్ఞానమును పరదేశీయులకు తెలుపరాదని అమెరికాలో కఠినమైన శాసనము కలదు. అందుచే అచ్చటి రాకెట్టు కంపెనీలును, రక్షణ కంపెనీలును సామాన్యముగ తమ పౌరులను, శాశ్వత నివాసులను మాత్రమే పనిలో చేర్చుకొనును. పై యిరువురును ఆ దేశపు పౌరులు. మన పల్లెనుండి అప్పుచేసి, విద్యార్థి వీసాపై వెళ్లి ఏరోస్పేసు పట్టము గడించిన బిడ్డకు ఆ తలుపులనేకములు మూసియుండును. పొలము తాకట్టుపెట్టుటకు ముందు ఈ సంగతి తెలిసికొనుట తండ్రికి ధర్మము.

పిల్లలు నడువదగిన త్రోవలు

పదవ తరగతి ముగిసినది మొదలు త్రోవలు చీలును. గ్రామీణ విద్యార్థులకై 2008లో స్థాపింపబడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులనుబట్టి ఆఱేండ్ల చదువునకు చేర్చుకొనును. దాని ఇడుపులపాయ కళాశాల మన పొరుగు జిల్లాలోనిదే. ఇంటరున గణిత భౌతిక రసాయనశాస్త్రములు తీసికొన్నవారు జె.ఇ.ఇ. పరీక్షల ద్వారమున ఐ.ఐ.టి.లకును, 2007లో తిరువనంతపురమున వెలసిన భారత అంతరిక్ష విజ్ఞాన సాంకేతిక సంస్థకును పోవచ్చును. ఇట్టి యుత్తమ సంస్థలలో స్థానము దొరకినచో ఏరోస్పేసు శాఖను నిర్భయముగ గైకొనవచ్చును.

అట్లు దొరకనిచో, ఊరుపేరు లేని కళాశాలలో ‘ఏరోనాటికల్’ అను ఫలకమును చూచి మోసపోవుటకంటె, మంచి ప్రభుత్వ కళాశాలలో మెకానికల్ గాని, ఎలక్ట్రానిక్సు గాని చదువుట మేలు. ఇస్రో ఇంజనీర్లకై వెలువరించు ప్రకటనలలో మెకానికల్, ఎలక్ట్రానిక్సు, కంప్యూటరు శాఖలవారికే అధిక స్థానములు. పట్టమునకు పిదప గేటు పరీక్ష వ్రాసి, బెంగుళూరు విజ్ఞాన సంస్థలోనో, ఐ.ఐ.టి.లలోనో వ్యోమయాన శాస్త్రమును పైచదువుగా పొందవచ్చును. హరినారాయణగారు నడచిన బాట ఇట్టిదే. ఒకవేళ రంగము మాఱవలసివచ్చినను చేతిలో వేఱొక జీవనోపాధి మిగులును. కఱవుసీమవానికి ఇది చిన్న సంగతి గాదు.

ఫలకము గొప్పగానున్న కళాశాలకు పోవు తలిదండ్రులు నాలుగు ప్రశ్నలు అడుగవలయును. పిల్లలు తమ చేతులతో ప్రయోగము చేయుటకు వాయుసొరంగము కలదా? బోధించువారు ఆ శాస్త్రమున పట్టభద్రులేనా? ప్రభుత్వానుమతి ఈ యేటికి నడచుచున్నదా? గత మూడేండ్ల విద్యార్థులు నేడు ఎచ్చట, ఏ పని చేయుచున్నారు? నాలుగవ ప్రశ్నకు పేరులతోకూడిన యుత్తరము రానిచో లేచి రావలయును.

మఱియు ఇంజనీరు పట్టమే సర్వము గాదు. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివిన యువకులను బెంగుళూరు విమాన కర్మాగారము అప్రెంటీసులుగా తీసికొనుచున్నది. ఇంటరు పిదప విమాన నిర్వహణ విద్యను ప్రభుత్వ వైమానికశాఖ యామోదించిన పాఠశాలలో చదివి లైసెన్సు పొందువారు కలరు. విమానమును ఎగుర యోగ్యమని సంతకము చేయు అధికారము వారిది. ఆ పని గౌరవమున ఎవ్వరికిని తీసిపోదు. టిప్పుకాలపు చేతినేర్పునకు లేకపోయిన శాస్త్రము నేడు ఈ త్రోవలలో దానితో కలసియున్నది.

సంఘముయొక్క బాధ్యత

ఈ విద్య మన దేశమున దాతలచేతులమీదుగా పెరిగినదని పైన చూచితిమి. ఒకరు భూమినిచ్చిరి, ఒకరు వర్తకలాభమును వెచ్చించిరి. మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని 1949లో స్థాపించిన సి. రాజముగారు తమ నివాసభవనమునే విక్రయించి ఆ ధనముతో విద్యాలయమును కట్టిరి. కలాముగారు చదివినది ఆ విద్యాలయముననే. కులసంఘముల చరిత్రయందును ఇట్టి దృష్టాంతములు కొఱవడలేదు. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి విద్యార్థి వసతిగృహము వంటివి, పల్లెలనుండి వచ్చిన ఎందఱో బాలురకు అన్నము, పుస్తకము, నీడ ఇచ్చి పెద్దవారిని చేసినవి.

మన సంఘము మహాభవనములను కట్టనక్కఱలేదు. మూడు పనులు చేసిన చాలును. మొదటిది, పదవ తరగతిలో గణితమున మెఱసిన బీదపిల్లలకు, బాలికలకు ముందుగా, ఇంటరు రెండేండ్ల వ్యయమును భరించుట. నాలుగేండ్ల ఇంజనీరింగునకు ఇచ్చు ధనము చెట్టుకు పోయు నీరు. ఈ రెండేండ్లకు ఇచ్చునది వేరునకు పోయు నీరు. రెండవది, ప్రవేశపరీక్షలు వ్రాయుటకును, ఇంటర్వ్యూలకును పోవు పిల్లలకు బెంగుళూరు, హైదరాబాదు నగరములలో రెండు రాత్రుల బసయు దారిఖర్చును ఏర్పఱచుట. మూడవది, ఈ రంగమున పనిచేయుచున్న మన కులబాంధవుల పట్టికను సిద్ధపఱచి, ప్రతి వార్షిక మహాసభయందు ఒక పూట వారిని విద్యార్థులతో కూర్చుండబెట్టుట. తండ్రికి తెలియని దారిని చెప్పగల పెద్దదిక్కు లేకపోవుటయే పల్లెబిడ్డకు గల మొదటి లోటు. ఈ సాయములలో పొరుగు కులముల బీదపిల్లలకును కొంత భాగము ఉంచినచో మన సంఘమునకు కీర్తియే గాని నష్టము లేదు. వాన యందఱి పొలములకు సమముగ తప్పినప్పుడు, విద్య యొక్క యింటికే పరిమితము కాదగదు.

యువజనులకు ఒక మాట. శాఖపేరును గాక శాస్త్రమును ఎంచుకొనుడు. కళాశాల ఫలకమును గాక అందలి పనిని చూడుడు. ఏబది సంవత్సరములు ఓర్చిన వారివలన తేజస్ లేచినది. మొదటి ప్రయోగము సముద్రమున పడినను మఱునాడే పనికి వచ్చినవారివలన ఎస్.ఎల్.వి. నిలిచినది. వాన రాని యేడును మఱల విత్తు రైతుయొక్క బిడ్డలకు ఆ యోర్పు పుట్టుకతో వచ్చిన సొమ్ము. దానికి గణితమును జోడింపుడు.

కదిరి శ్రీ లక్ష్మీనృసింహస్వామివారి యనుగ్రహమున మన సంఘము ఈ కార్యమునకు పూనుకొనుగాక. ఆకాశమువంక చూచి బెంగపడిన ఇండ్లలోనుండియే ఆకాశమును కొలుచు బిడ్డలు బయలుదేరుదురుగాక.